అవనిగడ్డ దాటాక ఏనుగు

నేను పశువుల డాక్టర్ని. గుడివాడకి దగ్గర్లో ఒక పల్లెటూరి ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. పొద్దున్నే తలుపు తీసేసరికి వాకిట్లో గేదెలుంటాయి, మేకలుంటాయి, అప్పుడప్పుడూ ఎవరి చంకలోనో ఒక కుక్కపిల్ల ఉంటుంది. పదకొండేళ్ళుగా ఇదే పని. ఏనుగు గురించి మాత్రం కాలేజీలో మూడు పేజీలే చదివాను. పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు. వచ్చినా వదిలేసేదాన్నేమో.

రెండేళ్ళ కిందట కార్తీకమాసంలో ఒక శనివారం పొద్దున, మొవ్వలో ఉండే మా అమ్మని స్కూటీ ఎక్కించుకుని నాగాయలంక బయల్దేరాను. అక్కడి చర్చిలో స్త్రీల సమాజం కూడిక ఉంది. ఆ రోజు వాక్యం చెప్పాల్సింది అమ్మే. నాలుగు రోజులుగా వంట చేస్తూ, గిన్నెలు తోముతూ తనలో తను చెప్పుకుంటూనే ఉంది. తెల్లచీరకి గంజి పెట్టించుకుంది. చీర నలుగుతుందని బండి మీద బిగుసుకుపోయి కూర్చుంది.

చల్లపల్లి దాటాం, పులిగడ్డ దాటాం. అవనిగడ్డలో ఆగి టీ తాగాం. అక్కణ్ణించి ఒకపక్క కాలవ, ఇంకోపక్క కోతకొచ్చిన వరి, నడుమనడుమ రొయ్యల చెరువులు. కొంతదూరం వెళ్ళాక ఒక మలుపు దగ్గర రోడ్డు మీద జనం కనపడ్డారు. యాక్సిడెంటేమో అనుకుని బండి స్లో చేశాను. జనం తలల మీదుగా నల్లగా, గుండ్రంగా ఏదో కనపడింది. గడ్డిలోడు మీద టార్పాలిన్ కప్పారనుకున్నాను. ఆ టార్పాలిన్‌కి చెవి ఉంది. అది ఊగింది.

“అమ్మాయ్, నాకు కనపడేదే నీకూ కనపడుతోందా?” అంది అమ్మ.

“ఏనుగమ్మా.”

“ఇక్కడికెందుకొచ్చింది?”

ఆ ప్రశ్న సబబే. మా ప్రాంతంలో కొండ లేదు, అడవి లేదు. ఎటు చూసినా చదును. ఎత్తైనవంటే తాడిచెట్లూ, సెల్ టవర్లూ. అలాంటి చోట, కాలవగట్టు మీద, కొంగలు తిరిగే వరిచేల పక్కన ఏనుగు నిలబడి ఉంటే మొదట భయం వేయదు, ఆశ్చర్యమూ కాదు. ఒళ్ళంతా ఏదో తేలికైనట్టు ఉంటుంది. నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. అక్కడున్న అందరి మొహాల్లోనూ అదే నవ్వు. ఆటో డ్రైవరూ, చేపల గంపలతో ఎదురు ఆటోలో వచ్చిన ఆడవాళ్ళూ, మోటార్ సైకిల్ మీద పాలక్యాన్లాయనా, అందరూ పనులు మర్చిపోయి దాన్నే చూస్తున్నారు.

నా చిన్నప్పుడు బందర్లో మా వీధికి ఒకసారి ఏనుగొచ్చింది. పక్కింటివాళ్ళు దాని కాళ్ళకి బిందెలతో నీళ్ళు పోశారు, పిల్లల్ని కిందనుంచి దాటించారు. మాది చర్చికి వెళ్ళే ఇల్లు కాబట్టి మేం అరుగు మీదే నిలబడ్డాం. నేను ఏడుపు మొహం పెట్టాను. నాన్న కాసేపు చూసి, “దేవుడు చేసిన జంతువేగా, ముట్టుకుంటే ఏమవుద్ది?” అని నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. తొండం మీద చెయ్యేశాను. వెంట్రుకలు చీపురుపుల్లల్లా గుచ్చుకున్నాయి. అమ్మ అరుగు దిగలేదు, వద్దనీ అనలేదు. రాత్రి అన్నం పెడుతూ మాత్రం, “చెయ్యి పెడితే ఎలా ఉంది?” అని మెల్లిగా అడిగింది.

బండి పక్కన పెట్టి దగ్గరికి నడిచాం. లారీ వెనకభాగం కాలవగట్టుకి ఆనించి ఉంది. ఆ గట్టు మీదికే ఏనుగుని దించినట్టున్నారు. ఆడఏనుగు. నుదుటి మీద రంగులు సగం చెరిగి ఉన్నాయి. ముందు తాటాకులూ, కొబ్బరిమట్టలూ పడి ఉన్నాయి. ఒక్కటీ కొరికినట్టు లేదు.

అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. అది వెనక కాళ్ళు బారజాపి, నడుం కిందికి వంచుతోంది. కాసేపు అలా ఉండి మళ్ళీ మామూలుగా నిలబడుతోంది. తొండం కొస నోట్లో పెట్టుకుని కొరుక్కుంటోంది. మళ్ళీ కాళ్ళు జాపుతోంది. కడుపునొప్పితో ఉన్న పశువు ఏదైనా ఒకలాగే నిలబడుతుంది.

నిజం చెప్పాలంటే, అక్కణ్ణించి వెళ్ళిపోదామనుకున్నాను. నేను డాక్టర్నని అక్కడెవరికీ తెలియదు. కూడికకి టైమవుతోంది. “పదమ్మా,” అన్నాను.

అమ్మ కదల్లేదు. ఆవిడ నలభై ఏళ్ళు గేదెల్ని మేపిన మనిషి. “దానికి బాలేదే,” అంది.

“తెలుసు.”

“తెలిస్తే పదమంటావేంటి?”

మావటి ఏనుగు చెవి పక్కన నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. చిత్తూరు వైపు మనిషని మాటని బట్టి తెలిసింది. నేను డాక్టర్నని చెప్పగానే ఆయన రెండు చేతులూ జోడించాడు.

“నిన్న మద్దాన్నం నించీ తినలే మేడమ్. నీళ్ళు తాగలే. లద్దె ఎయ్యలే. లారీలో నిలబడలేక తలకాయ కొట్టుకుంటా ఉంటే దించేస్తిమి.”

“మీ డాక్టరుగారికి చెప్పారా?”

“ఫోన్ తగలడం లే మేడమ్. ఈ ఊరి డాక్టరుగారు ట్రైనింగని బెజవాడ పోయినారంట. సాయంత్రానికి వస్తానన్నారు.” ఆయన ఏనుగు చెవి కింద నిమిరాడు. “పాప అంతసేపు ఉంటుందా మేడమ్?”

ఆ పాపకి నలభై ఏళ్ళట. దగ్గర్లో ఒక ఊళ్ళో ఉత్సవానికి తీసుకొచ్చారు. రెండురోజులు జనం ప్రేమకొద్దీ పెట్టిందల్లా తింది. లడ్డూలు, పులిహోర, గెలలకి గెలలు అరటిపళ్ళు, దాని మీద ఎండుగడ్డి. ఎండకి తిరగడమే గానీ నీళ్ళు సరిగ్గా తాగలేదు.

నేను మా ప్రొఫెసరుగారికి ఫోన్ చేశాను. రిటైరై హైదరాబాదులో కూతురి దగ్గర ఉంటున్నారు. ఉద్యోగంలో ఉండగా అడవుల్లో చాలాకాలం ఏనుగులకి వైద్యం చేశారు. చెప్పిందంతా విని, “వీడియోలో చూపించు,” అన్నారు. చూపించాను. కళ్ళు, నోరు, కడుపు, కాళ్ళు అన్నీ చూశారు.

“గుర్రం కడుపనుకో. పేగులో లద్దె గట్టిపడిపోయింది. చేత్తో తీసి, గోరువెచ్చటి నీళ్ళు ఎక్కించాలి. భయంగా ఉందా?”

“ఉంది సార్.”

“ఉండాలి. ఏనుగు దగ్గర భయం లేనివాళ్ళతోనే ప్రమాదం. మావటి ఏం చెప్తే అది విను. అతను తప్పుకోమంటే ఎందుకని అడక్కుండా తప్పుకో.”

ఫోన్ పెట్టేశాక అమ్మ ధైర్యం చెప్పింది. “పెద్ద గేదె అనుకో అమ్మాయ్, అంతే.”

“సారేమో గుర్రం కడుపనుకోమన్నారమ్మా.”

“ఏదోటి అనుకో. ఏనుగని మాత్రం అనుకోకు.”

చెయ్యాల్సిన పని తెలిసింది గానీ చేతిలో ఏమీ లేదు. స్కూటీ డిక్కీలో ఎప్పుడూ ఉంచే పెట్టెలో నొప్పికి ఇంజెక్షన్లు, భుజం దాకా వచ్చే గ్లౌజులు ఉన్నాయి. నీళ్ళు కావాలి, పైపు కావాలి. జనంలోంచి ఒక పెద్దాయన ముందుకొచ్చాడు. పక్కనున్న రొయ్యల చెరువులు ఆయనవే.

“ఏం కావాలో చెప్పండి డాక్టరమ్మా.”

“మెత్తటి పైపొకటి కావాలి బాబాయ్‌గారూ. కాలవనీళ్ళు గోరువెచ్చగా కాచి తేవాలి. చాలా కావాలి.”

ఆయన వెంటనే ఫోన్ తీశాడు. పావుగంటలో పైపొచ్చింది. షామియానాలూ వంటపాత్రలూ అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర్నుంచి పెద్ద పెద్ద డేగిసాలొచ్చాయి. గట్టు పక్కనే రాళ్ళు పెట్టి తాటిమట్టలతో పొయ్యిలు వెలిగించారు. నీళ్ళు మరీ వేడెక్కకుండా చూసే పని అమ్మ తీసుకుంది. గంజి పెట్టిన తెల్లచీర బొడ్లో దోపి, మోచెయ్యి ముంచి చూస్తూ, “ఇది చాలు, దించండి,” అని చెప్తోంది. ఇంతలో నాగాయలంక నుంచి స్త్రీల సమాజం సెక్రటరీగారు ఫోన్ చేశారు.

“నేను రాలేనమ్మా,” అంది అమ్మ. “ఏనుక్కి ఒంట్లో బాలేదు.”

“ఎవరికి?” అని అవతల్నుంచి రెండుసార్లు వినపడింది. అమ్మ, “అంతా కలిసి ప్రార్థన చెయ్యండి,” అని చెప్పి పెట్టేసింది.

మావటి ఏనుగు ముందుకాళ్ళకి గొలుసులు వేసి, తల దగ్గర నిలబడ్డాడు. తొండం మీద చెయ్యేసి వాళ్ళిద్దరికే తెలిసిన భాషలో ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. చేపల గంపలవాళ్ళలో ఒకావిడ తన ఆటోలోంచి ఖాళీ ప్లాస్టిక్ ట్రేలు తెచ్చి, బోర్లించి మెట్టులా పేర్చింది. నేను వాటి మీద ఎక్కితే గాని అందలేదు. అంత దగ్గరగా నిలబడేసరికి దాని ఒళ్ళు గోడలా అనిపించింది. ఆ గోడకి వేడి ఉంది, ఊపిరి ఉంది. ముందు ఇంజెక్షన్ చేశాను. తోలు లోపలికి సూది దిగుతుంటే అది కదిలింది. మావటి గొంతు కాస్త పెంచాడు. ఆగిపోయింది.

చేతికి గ్లౌజు తొడుక్కుని, నూనె రాసుకుని, పని మొదలుపెట్టాను. ప్రొఫెసరుగారు చెప్పినట్టే ఉంది. లోపల లద్దె ఎండిపోయి రాళ్ళలా తగులుతోంది. ఒక్కొక్కటీ పట్టుకుని నెమ్మదిగా లాగాలి. తొందరపడితే పేగు గీసుకుపోతుంది. కొంచెం తియ్యడం, పైపుతో నీళ్ళు ఎక్కించడం, ఆగడం, మళ్ళీ తియ్యడం. భుజం పట్టేసేది. చెమట కళ్ళల్లోకి కారేది. మధ్యలో రెండుసార్లు మావటి, “పక్కకి రండి మేడమ్,” అన్నాడు. రెండుసార్లూ ట్రేల మీంచి దూకేశాను. ఒకసారి వెనక్కాలు ట్రేకి తగిలి అది అప్పడంలా అణిగిపోయింది. ఆవిడ ఇంకో ట్రే తెచ్చి పెట్టింది.

పని చేస్తున్నంతసేపూ మనసులో ఒక భయం పాములా తిరుగుతూనే ఉంది. ఇది దేవుడి ఏనుగు. ఇంతమంది చూస్తుండగా నా చేతిలో దీనికేమైనా అయితే? చర్చికి వెళ్ళే మనిషి చెయ్యిపెట్టింది కాబట్టే ఇలా అయిందని ఎవరైనా అంటే? అమ్మ తెల్లచీరా, బైబిల్ పెట్టుకున్న సంచీ చూస్తే మేమెవరమో ఎవరికైనా తెలిసిపోతుంది. కానీ ఎవరూ ఆ మాటెత్తలేదు. నన్నడిగిందల్లా నీళ్ళింకా కావాలా, నీడకి పట్టా కట్టమంటారా, మీరేమైనా తిన్నారా అనే. ఆ రోజు నాకు కలిగిన నెమ్మదిలో మొదటి భాగం అదేనేమో. అది ఏనుగు కోలుకోకముందే వచ్చింది.

రెండు గంటలు దాటాక లోపల చేతికి ఇంకేమీ అందలేదు. అందినంత వరకూ తీసేశాను. ఆపైన ఉన్నది దానంతటదే రావాలి. ప్రొఫెసరుగారికి మళ్ళీ ఫోన్ చేశాను.

“ఇంక నీ పనైపోయింది. నెమ్మదిగా నడిపించండి. చూడండి.”

“ఎంతసేపు సార్?”

“దానికి తెలియాలి.”

గొలుసులు తీసి మావటి దాన్ని గట్టు మీద నడిపించాడు. అటు రొయ్యల చెరువు షెడ్డు దాకా, ఇటు లారీ దాకా. నేను కాస్త దూరంగా వెంట నడిచాను. చేసే పనేమీ లేకపోవడం చేతుల్లో పని ఉన్నప్పటికంటే కష్టంగా ఉంది. అయితే అప్పుడే దాన్ని సరిగ్గా చూశాను. అంత బరువైన మనిషి అడుగేస్తే నేల అదరాలి కదా. (మనిషి అని ఎందుకన్నానో నాకు తెలియదు, అలాగే ఉండనివ్వండి.) దాని అడుగుకి చప్పుడే లేదు. పాదం నేలకి ఆనగానే మెత్తగా వెడల్పవుతోంది, ఎత్తగానే ముడుచుకుంటోంది. కనురెప్పల వెంట్రుకలు చాలా పొడుగు. ఒకసారి అది తొండం చాపి నా చెయ్యి వాసన చూసింది, తర్వాత జడ. వెచ్చటి, తడి ఊపిరి మెడకి తగిలింది. అప్పుడే దాని లోపల్నుంచి ఒక శబ్దం వచ్చింది. చెవికి సరిగ్గా వినపడలేదు గానీ నా రొమ్ము ఎముకల్లో గుర్రుమన్నట్టు తెలిసింది.

“ఏంటది?” అని మావటిని అడిగాను.

“పాప మాట్లాడతా ఉంది మేడమ్. పొద్దుట్నించీ మాట్లాడలే.”

అమ్మ పొయ్యిల దగ్గర బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

“ప్రార్థన చేశాను,” అంది. “గ్రంథంలో దంతాల మాట చదివాను గానీ ఏనుగు మాట ఎక్కడా చూసినట్టు లేదు. అయినా చేశాను.”

మూడు గంటలవుతుండగా ఏనుగు షెడ్డు దగ్గర ఆగిపోయింది. వెనక కాళ్ళు జాపింది. మళ్ళీ నొప్పి మొదలైందనుకున్నాను. ముందు గాలి వెళ్ళింది. అదెంత పెద్ద చప్పుడంటే చెరువు గట్టు మీద కొంగలు లేచిపోయాయి. ఆ వెంటనే లద్దె పడింది. ఒక ముద్ద, ఇంకోటి, ఆ తర్వాత లెక్క లేదు. నీళ్ళతో కలిసి, పులుపు వాసనతో, లడ్డూ పిండీ అరటితొక్కలూ గడ్డీ కలగలిసి గుట్టపడింది.

ఎవరూ కేకలు వెయ్యలేదు. ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలినట్టు ఒక శబ్దం వచ్చింది, అంతే. మావటి అక్కడే గొంతుక్కూర్చుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను వంగి లద్దె విడదీసి చూశాను, రక్తం లేదు. లేచేసరికి బాబాయ్‌గారు నా భుజం పట్టుకుని నీడలో కూర్చోబెట్టారు.

చేపల గంపలావిడ నవ్వడం మొదలుపెట్టింది. “మా మనవడికి బేదిమందు పడితే కూడా ఇంత సంబరపడలేదమ్మా,” అంది. దాంతో అందరూ నవ్వారు. ఆవిడ చేపలు ఎండకి పాడైపోతున్నాయని అప్పుడు గుర్తొచ్చి గబగబా ఆటో ఎక్కింది.

ఏనుగు తనంతట తను కాలవలోకి దిగింది. తొండంతో నీళ్ళు పీల్చి నోట్లో పోసుకుంది. ఎన్నిసార్లో చూస్తూ కూర్చున్నాం. ఆ తర్వాత పక్కకి ఒరిగి నీళ్ళల్లో పడుకుంది. మావటి లుంగీ ఎగ్గట్టి దిగి, కొబ్బరిపీచుతో వీపు రుద్దాడు. నుదుటి మీద రంగులన్నీ కరిగి కాలవలో కలిసిపోయాయి. బయటికి వచ్చినప్పుడు బూడిదరంగు ఒళ్ళు నిగనిగలాడుతోంది. ఒక కొబ్బరిమట్ట అందుకుంది. కాలి కింద తొక్కిపట్టి, ఆకులు చీల్చి, నోట్లో పెట్టుకుని నమిలింది. ఆ నమిలే చప్పుడు వింటూ నిలబడ్డాం. ఎవరికీ అక్కణ్ణించి కదలబుద్ధి కాలేదు.

సాయంత్రం ఊరి డాక్టరుగారు వచ్చారు. నాకంటే చిన్నవాడు. చేసిందంతా చెప్పి, మిగిలిన మందు చేతికిచ్చాను. “నేనైతే చేసేవాణ్ణో లేదోనండీ,” అన్నాడు. “నేనూ వెళ్ళిపోదామనే అనుకున్నానండీ,” అని ఒప్పుకున్నాను. బాబాయ్‌గారి ఇంట్లో స్నానం చేసి, వాళ్ళమ్మాయి బట్టలు కట్టుకుని, రొయ్యల కూరతో అన్నం తిన్నాం. అమ్మ రెండోసారి వడ్డించుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను.

మూడోరోజు నేను ఆసుపత్రిలో ఒక పెయ్యదూడకి కట్టు కడుతుండగా ఫోన్ మోగింది. మావటి. ఊరు చేరారట.

“పాప బాగుంది మేడమ్. అయితే ఒక గలాటా జరిగింది. పక్కింటాయన దొడ్లో అరటిచెట్లు రెండు పీకి తినేసింది. ఆయన తగువుకొచ్చినాడు.”

మధ్యాహ్నం అమ్మకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. వింటూ ఏదో తరుగుతున్నట్టుంది, కత్తిపీట చప్పుడు ఆగింది.

“తిననీ పాపం,” అంది.